భండారము ఎవరిది?

మానవులు కలహించుకొనుటకు కారణములు పెక్కు కలవు. పొలము గట్టు, ఇంటి వాటా, పెండ్లిలో మర్యాద - ఇవి వెనుకటి కారణములు. ఇప్పుడు వానికి మరియొకటి తోడైనది. ప్రభుత్వ ధనమును ఎవరికి, ఎంత, ఎందులకు వ్యయము చేయవలెననునదే ఆ క్రొత్త కారణము. సోమందేపల్లిలోనేమి, పెనుకొండ, ధర్మవరము, హిందూపురములలోనేమి, టీ అంగడి యెదుట నిలిచినను, మఠమున ప్రసాదపు పంక్తిలో కూర్చున్నను ఈ చర్చ తప్పుట లేదు. "ఉచితములతో రాష్ట్రము దివాలా తీయుచున్న"దని ఒకరందురు. "పేదవాని కూడు మీకు కంటగింపైనదా" అని మరియొకరందురు. అన్నది ఒక పక్షము, తమ్మునిది ఒక పక్షము. ఎన్నికలు ముగిసి ఏండ్లు గడచినను మాటలు కలియని బంధువులు కలరు. మెడలో లింగమును ధరించిన ఇద్దరు ఒకరినొకరు పగవారిగా చూచుకొనునప్పుడు ఇది రాజకీయ ప్రశ్న మాత్రమే కాదు, ధర్మప్రశ్న కూడ.

విచిత్రమేమనగా, ఇరుపక్షములవారును బసవేశ్వరుని తమవానిగనే చెప్పుకొందురు. ఉచిత పథకములను నిందించువారు కాయకమును చూపుదురు: శ్రమింపక తినుట శరణధర్మము కాదందురు. పథకములను సమర్థించువారు దాసోహమును చూపుదురు: ఆకలిగొన్నవానికి పెట్టుటయే శివపూజ యందురు. ఒకరు బసవని కుడిచేతిని, మరియొకరు ఎడమచేతిని పట్టి లాగుచున్నారు. బసవడు మాత్రము రెండు చేతులతోను పని చేసెను.

12వ శతాబ్దమున కళ్యాణ పట్టణమున బిజ్జలుని కొలువులో బసవేశ్వరుడు భండారియై, పిదప దండనాయకుడయ్యెను. అనగా నేటి ఆర్థికమంత్రి పదవి వంటిదానిని నిర్వహించిన మహానుభావుడాయన. పాల్కురికి సోమనాథుడు ద్విపదలో రచించిన బసవపురాణమున ఒక ఘట్టము కలదు. బసవడు రాజధనమును జంగములకు దోచిపెట్టుచున్నాడని కొందరు రాజు చెవిలో వేసిరి. రాజు బసవని పిలిచి అడిగెను. బసవడు భండారమును తెరిపించి లెక్క చూచుకొమ్మనెను. లెక్కలో కాసైనను తగ్గలేదు. భక్తులు దీనిని శివుని మహిమగా చదువుదురు; చదువవలసినదే. అయితే అందొక లౌకికనీతి కూడ కలదు. లెక్క అడిగిన రాజుపై బసవడు కినియలేదు. "నేను భక్తుడను, నన్ను శంకింతువా" అనలేదు. తాను చేయు దాసోహము ఎంత పవిత్రమైనదైనను, భండారము తనది కానందున లెక్క చూపుట తన విధి యని ఎరిగి తలుపు తెరచెను.

ఈ సీమలోనే మరియొక భండారి కథ కలదు. హిందూపురమునకు చేరువనున్న లేపాక్షిలో వీరభద్రస్వామి ఆలయమును 16వ శతాబ్దమున, అచ్యుతదేవరాయల కాలమున, విరూపణ్ణ, వీరణ్ణ అను సోదరులు కట్టించిరి. విరూపణ్ణ పెనుకొండలో రాజుగారి కోశాధికారి యనియు, రాజు అనుమతి లేకయే కోశధనమును గుడికి వెచ్చించెననియు, ఆ సంగతి బయటపడగా రాజదండనకు ముందే తన కన్నులను తానే పెరికి గోడకు విసిరెననియు జనశ్రుతి. గోడ మీది ఎఱ్ఱని మరకలను నేటికిని యాత్రికులకు చూపుదురు. కథ నిజమైనను కాకున్నను, దానిని చెప్పుకొను జనుల మనస్సు నిజము. గుడి గొప్పదే, శిల్పము అద్భుతమే, ఉద్దేశము భక్తియే; అయినను అందరి ధనమును అందరికి తెలియకుండ వెచ్చించినవాడు తల యెత్తి నిలువలేకపోయెనని జనము తలచినది. ఒక భండారి తలుపు తెరచెను. ఒక భండారి కన్నులు మూసికొనెను. నాటినుండి నేటివరకు పాలకుల యెదుట ఈ రెండు త్రోవలే యున్నవి.

ఆంధ్రప్రదేశమున 2014లోను, 2019లోను, 2024లోను ప్రభుత్వములు మారినవి. మూడు పర్యాయములును క్రొత్తగా వచ్చినవారు ఆర్థికస్థితిపై శ్వేతపత్రము ప్రకటించి, వెనుకటివారు భండారమును ఖాళీచేసిరని చెప్పిరి. వెనుకటివారు ఆ లెక్క తప్పనిరి. ఒకే రాష్ట్రపు అప్పునకు రెండు మొత్తములు ఎట్లు వచ్చును? బడ్జెటులో చూపిన అప్పు ఒకటి. ప్రభుత్వము హామీ యిచ్చి కార్పొరేషనుల పేర తెచ్చిన అప్పు మరియొకటి. కంట్రాక్టర్లకు, ఉద్యోగులకు చెల్లింపవలసిన బకాయిలు ఇంకొకటి. ఒకరు అన్నింటిని కూడుదురు, ఒకరు మొదటిదానినే చెప్పుదురు. సామాన్యుడు మాత్రము ఏది కలిపిరో, ఏది విడిచిరో అడుగక, తన పక్షము చెప్పిన అంకెను పట్టుకొని పొరుగువానితో పోట్లాడును. లెక్క అడుగుట ధర్మము. తన పక్షము అధికారమున నున్నప్పుడు అడుగక, ఎదుటి పక్షము వచ్చిన పిమ్మటనే అడుగుట ధర్మము కాదు.

ఇక కాయకము మాట. పేదవానికి సహాయము చేసిన సోమరి యగునని యందురు. ఈ సీమను ఎరిగినవారు ఆ మాట తొందరపడి అనజాలరు. రాష్ట్రములో అతి తక్కువ వాన కురియు నేల ఇది. వేరుసెనగ విత్తి ఆకాశము వంక చూచు రైతునకు శ్రమింపవలెనను కోరిక లేక కాదు, నేలలో తేమ లేక చేతులు ముడుచుకొనును. పంటలు పోయిన ఏడు బెంగుళూరు బస్సెక్కువాడు పని వెదకికొని పోవుచున్నాడే కాని పనికి వెఱచి పోవుట లేదు. ధర్మవరపు నేతగాని మగ్గము ముసురు పట్టినప్పుడు గుంటలో నీరూరి ఆగును; పట్టునూలు ధర పెరిగినప్పుడు పెట్టుబడి లేక ఆగును. 2019 డిసెంబరులో ధర్మవరమునందే అప్పటి ప్రభుత్వము మగ్గమున్న నేతగానికి ఏటా 24,000 రూపాయలిచ్చు పథకమును ప్రారంభించినది. ఆ మొత్తము చాలునా, మగ్గము లేక కూలికి నేయువాని సంగతి యేమి, ధనమునకు మారుగ నూలు నిచ్చిన మేలు కాదా - ఇవి అడుగదగిన ప్రశ్నలు. "నేతగాడు సోమరి యగును" అనునది ప్రశ్న కాదు, నింద. ఆగిన కాయకమును మరల నడిపించు సహాయము కాయకమునకు శత్రువు కాజాలదు.

"మా పన్నులతో వారు తినుచున్నారు" అను మాట మరింత అన్యాయము. ఆదాయపు పన్ను కట్టువారే పన్ను కట్టువారని పలువురి భ్రమ. 2017 జులై 1 నుండి దేశమంతట వస్తుసేవల పన్ను అమలులోనికి వచ్చినది. ఫించను మీద బ్రతుకు ముదుసలి సబ్బు కొన్నను, చెప్పులు కొన్నను ధరలో పన్ను చెల్లించుచునే యున్నది. ఆమెకు రసీదు లేదు, ఆమె పేరు ఏ కార్యాలయపు పుస్తకమునను లేదు. కాని భండారములో ఆమె కాసు కలదు. 2022 జనవరి 1 నుండి వస్త్రములపై పన్నును 5 శాతము నుండి 12 శాతమునకు పెంచవలెనని నిర్ణయమైనప్పుడు నేతవారును వర్తకులును మొరపెట్టిరి. 2021 డిసెంబరు 31న కేంద్రమును రాష్ట్రములును కూడిన మండలి ఆ పెంపును వాయిదా వేసినది. వేర్వేరు పక్షములు ఏలు రాష్ట్రములు ఆనాడు ఏకమయ్యెను. నేతగాని బరువును చూచినప్పుడు పక్షము అడ్డురాలేదని దీనివలన తెలియును.

మరియొక సంగతి. సోమందేపల్లికి చేరువనే, పెనుకొండ మండలము ఎర్రమంచి వద్ద కియా కార్ల కర్మాగారము వెలసినది. 2017 ఏప్రిలులో ఒప్పందము జరిగెను. 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో, ఏడాదికి 3 లక్షల కార్లు చేయు సామర్థ్యముతో నిర్మించిరి. ఒక ప్రభుత్వము ఒప్పందము చేసికొనగా, 2019 డిసెంబరులో వేరొక ప్రభుత్వము ప్రారంభోత్సవము చేసెను. కీర్తి ఎవరిదని ఇరువురును వాదులాడిరి. కర్మాగారమునకు భూమి, నీరు, పన్ను రాయితీలు అందినవి. కృష్ణ నుండి హంద్రీ-నీవా కాలువలో ఎత్తిపోసి గొల్లపల్లి జలాశయమునకు చేర్చిన నీరు దానికి ఆధారమైనది. ముదుసలి ఫించనును "ఉచిత"మనువారు దీనిని "ప్రోత్సాహక"మందురు. రెండును ఒకే భండారమునుండి వెడలినవే. అట్లని కర్మాగారమునకు ఇచ్చినది వ్యర్థమనుట కూడ న్యాయము కాదు. దానివలన యువకులకు పని దొరకినది, వ్యాపారము పెరిగినది. కావలసినది ఒకే కొలమానము: ఇచ్చినదెంత, దానివలన స్థానికులకు దక్కిన కాయకమెంత? ఈ ప్రశ్నను ఫించను విషయమున అడుగువాడు రాయితీ విషయమునను అడుగవలెను. రాయితీ విషయమున అడుగువాడు ఫించను విషయమునను ఓర్చుకొనవలెను.

పక్షముల సిద్ధాంతములు శాశ్వతములని నమ్మి స్నేహములు త్రెంచుకొనువారు కిలో బియ్యము కథ నెమరువేసికొనవలెను. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వము రెండు రూపాయలకు కిలో బియ్యమిచ్చెను. 1996లో ఆ పక్షపు ప్రభుత్వమే ధరను మూడున్నర రూపాయలు చేసెను. 2008లో ప్రత్యర్థి పక్షము మరల రెండు రూపాయలకు దించెను. 2011లో ఒక రూపాయి చేసెను. నాయకులు కాలమును బట్టి ఇటునుండి అటు మారిరి. వారికొఱకు పోట్లాడిన అన్నదమ్ములు మాత్రము మారక, మాటలాడక మిగిలిపోయిరి.

శరణులు దానమునకును దాసోహమునకును భేదము చెప్పిరి. దానమున "నేనిచ్చితిని" అను అహంకారము మిగులును. దాసోహమున ఇచ్చువాడు సేవకుడు, పుచ్చుకొనువాడు శివస్వరూపుడు. సొమ్ము ఎవరిదియు కాదు, శివునిది. నేటి పథకములను ఈ అద్దమున చూచిన, ఇరుపక్షములకును సిగ్గు కలుగవలెను. ప్రజల సొమ్ముతో ఇచ్చు ఫించనుకు ప్రభుత్వము మారినప్పుడెల్ల నాయకుని పేరు మారుచున్నది. 2018లో అయిదు రూపాయలకు భోజనము పెట్టు అన్న క్యాంటీనులు తెరచిరి, 2019లో మూసిరి, 2024లో మరల తెరచిరి. పేరున్నవారికి పేరు ముఖ్యమైనది, పేరులేని కూలివానికి అన్నము ముఖ్యము. అయిదేండ్లు ఆ విస్తరి లేకపోవుటకు వాని తప్పేమి? పేరు పెట్టుకొన్నవారికిని, పేరు చూచి మూసినవారికిని ఇందు భాగము కలదు.

అయినను దాసోహమునకొక హద్దు కలదు. అది తన కాయకమున వచ్చినదానితో చేయవలెను. అప్పు తెచ్చి పంచిన, అది ఇంకను పుట్టని బిడ్డ కాయకమును నేడు ఖర్చు చేయుటయే. కాలువకొఱకు అప్పు చేసిన ఆ బిడ్డయు నీరు త్రాగును. అప్పు తీర్చుట న్యాయము. బడిలో పిల్లవానికి అన్నము పెట్టుటయు రేపటి పంటయే యనవచ్చును. కాని ఎన్నికల గెలుపుకొఱకు చేసిన అప్పులో ఆ బిడ్డకు దక్కునది వడ్డీ మాత్రమే. ఆయ్దక్కి మారయ్య మహామనె ముంగిట రాలిన బియ్యమును ఏరి తెచ్చెడివాడు. ఒకనాడు మామూలుకంటె ఎక్కువ తేగా, భార్య లక్కమ్మ నేటికి చాలినదానిని మించినది మనది కాదని తిరిగి పంపెను. ఆమె పేదరాలు, అయినను భండారమును గురించి ఆమెకు తెలిసినంత పలువురు మంత్రులకు తెలియదు. అవసరము లేని ఫించను పుచ్చుకొను సంపన్నుడును, అవసరము తీరిన పిదపను రాయితీ కోరు వ్యాపారియు లక్కమ్మ యెదుట ఒక్కటే.

ఎంత పన్ను వేయవలెను, ఎంత పంచవలెను అను విషయమున అభిప్రాయభేదము ఉండవచ్చును, ఉండవలెను కూడ. కళ్యాణమున అనుభవమంటపము వాదములతోనే వెలిగినది. కాని అచట రాజోద్యోగియు, కట్టెలమ్మువాడును ఒకే వరుసలో కూర్చుండి వాదించిరి. వాదము ముగిసిన పిదప ఒకే పంక్తిలో భుజించిరి. సోమందేపల్లి అన్నదమ్ములు వాదించుకొనవచ్చును. అయితే వాదమునకు ముందు మూడు ప్రశ్నలు ఇరువురును ఒకే గొంతుతో అడుగవలెను: ఈ ధనము ఎవరి కాయకమునుండి వచ్చినది? అవసరమున్నవానికి చేరినదా? భండారపు తలుపు తెరచియున్నదా? వీనికి జవాబు చెప్పనివాడు ఏ పక్షమువాడైనను ఇరువురకును దూరమే. ప్రక్కన కూర్చుండి ప్రసాదము స్వీకరించువాడు ఏ పక్షమునకు ఓటు వేసినను తోబుట్టువే.