గట్టు చూడని జడ్జిగారు

గుండుగొలనులో మా పెదనాన్నకీ పక్క చేనువాళ్ళకీ గట్టు తగాదా. మొదటి కోర్టులో సర్వేయరుని సాక్షిగా పిలుద్దామని లాయరుగారు అంటే, "ఇక్కడెందుకు, పైన చూసుకుందాంలెండి" అన్నాడు. అక్కడా ఓడాడు, ఏలూరు జిల్లా కోర్టు అప్పీల్లోనూ ఓడాడు. ఇప్పుడు గట్టు ఫోటోలు పట్టుకుని హైకోర్టుకి బయల్దేరాడు.

1954లో గుంటూరులో మొదలై, 1956లో హైదరాబాదు వెళ్ళి, 2019లో అమరావతి చేరిన కోర్టు అది. మంజూరైన జడ్జీల పదవులు 37. ఎవరు ఏ రకం కేసులు వినాలో ప్రధాన న్యాయమూర్తి రోస్టరు వేస్తారు. రిట్ అప్పీలైతే ఇద్దరు జడ్జీల బెంచి వింటుంది. మా పెదనాన్నది సెకండ్ అప్పీలు, ఒక్కరే వింటారు. అదీ చట్టానికి సంబంధించిన ముఖ్యమైన ప్రశ్న ఉంటేనే. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 100 గీసిన గీత అది. గట్టు ఎవరిదన్నది కింద తేలిపోయినట్టే లెక్క.

"మరి నిజం ఎవడు చూస్తాడ్రా?" అన్నాడు పెదనాన్న.

మొదట నాకూ ఇది అన్యాయమే అనిపించింది. కానీ సాక్షి గొంతు తడబడటం చూసింది కింది జడ్జి ఒక్కరే. పైనున్నాయన ముందున్నవి కాగితాలు. చూడనిదాన్ని చూసినట్టు తీర్పు చెప్పకపోవడం కూడా నిజాయితీయే కదా. అలాగని కింద జరిగిన పొరపాటు పోదు. అది అలాగే నిలిచిపోవచ్చు, దాని బరువు ఓడినవాడిమీదే పడుతుంది.

అంటే అందరికన్నా చిన్న జడ్జిదే అన్నిటికన్నా పెద్ద పని. మన దణ్ణాలన్నీ మాత్రం పైవాళ్ళకే.