చెరపట్టబడినవాడు నీ సహోదరుడే

పాఠము: 2 దినవృత్తాంతములు 28:8–15



ఆహాజు యూదాను ఏలిన దినములలో ఇశ్రాయేలువారు తమ రక్తసంబంధులైన యూదావారితో యుద్ధము చేసి, స్త్రీలను పిల్లలను 2,00,000 మందిని చెరపట్టి షోమ్రోనునకు తెచ్చిరి. అన్నదమ్ముల పోరులో పట్టుబడినవారి శ్రమ యెంతటిదో మరియొక దేశచరిత్రవలన కూడ తెలిసికొందము.

1861 మొదలు 1865 వరకు అమెరికాలో ఉత్తరాదివారును దక్షిణాదివారును తమలో తాము పోరాడిరి. బానిసత్వమే దానికి మూలము. ఇరుపక్షములవారి చేతులలోను ఒకే బైబిలుండెను. మొదట ఖైదీలను మార్చుకొనుచుండిరి. అయితే పట్టుబడిన నల్లజాతి సైనికులను తెల్లవారితో సమానముగా ఎంచుటకు దక్షిణాదివారు ఒప్పుకొననందున 1863లో ఆ మార్పిడి చాలవరకు ఆగిపోయి, చెరసాలలు నిండెను.

1864 ఫిబ్రవరిలో జార్జియాలోని ఆండర్సన్‌విల్‌లో ఒక చెర తెరవబడెను. చుట్టును దుంగల ప్రాకారమే గాని లోపల కప్పు లేదు. 10,000 మందికని కట్టి తరువాత కొంత పెంచిన ఆ దొడ్డిలో ఆగస్టునాటికి 32,000 మంది కిక్కిరిసియుండిరి. చిరిగిన దుప్పటియే వారికి నీడ. త్రాగు నీరు ఏ వాగులోనిదో, మలినమంతయు ఆ వాగులోనికే పోయెను. మొత్తము ఇంచుమించు 45,000 మంది ఖైదీలలో దాదాపు 13,000 మంది ఆకలికిని రోగములకును చనిపోయిరి. ఉత్తరాదివారును నిర్దోషులు కారు. న్యూయార్కు రాష్ట్రములోని ఎల్మైరా చెరలో సుమారు 12,000 మందిలో దాదాపు 3,000 మంది మరణించిరి.

ఆ అంధకారములోను ఒక దీపముండెను. దక్షిణాదిలో సేవచేయుచున్న పీటర్ వీలన్ అను కతోలిక గురువు ఆండర్సన్‌విల్‌లోనికి ప్రవేశించి, మరణించుచున్నవారియొద్ద కూర్చుండెను. అప్పుచేసి పిండి కొని ఆ శత్రుసైనికులకు రొట్టెలు పెట్టించెను.

ఓదేదు ప్రవక్తయు షోమ్రోనులో ఇట్టి దీపమే. గెలిచివచ్చిన సేనకు అతడు ఎదురుగా పోయి, మీయందు అపరాధములు లేవా అని అడిగెను. అప్పుడు ఎఫ్రాయీము పెద్దలు లేచి, దోపుడుసొమ్ములోనుండియే వస్త్రహీనులకు బట్టలును చెప్పులును ఇచ్చి, అన్నపానములు పెట్టి, నూనె రాసి, నడువలేనివారిని గాడిదలమీద ఎక్కించి, యెరికోలో వారి సహోదరులయొద్దకు చేర్చిరి.

ప్రియులారా, మన గ్రామములలో దుంగల ప్రాకారములు లేవు. అయినను గట్టు తగాదాలో ఓడిన అన్న, మనకు బాకీపడి తలయెత్తలేని పొరుగువాడు, కక్షలవలన సంఘములో ఎవరును పలుకరించని కుటుంబము మన చేతికి చిక్కినవారు కారా? గెలుపు న్యాయమైనదే కావచ్చును. చిక్కినవానిని మనమేమి చేయుదుమో దానినే దేవుడు విచారించును. బంధకములలోనున్నవారిని, వారితోకూడ మనమును బంధింపబడినట్టే జ్ఞాపకము చేసికొనవలెనని హెబ్రీ పత్రిక (13:3) బోధించుచున్నది. మనము దేవునికి శత్రువులమై యుండగానే క్రీస్తు మనలను విడిపించెను గదా!

కాబట్టి ప్రభువు బల్లయొద్దకు రాకముందే అట్టివాని యింటికి వెళ్లుడి. వట్టి చేతులతో వెళ్లకుడి. ఆమేన్.