గోడ మీది పొద్దు

మనవాళ్ళు హనుమకొండలో ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశానికి వచ్చిన కానుకల్లో గోడగడియారాలే నాలుగు. మూడింటిని అటక ఎక్కించి ఒకదాన్ని హాల్లో తగిలించారు. అది పొద్దు ఆకారంలో ఉంది. నడుమ ఇత్తడి రంగు బిళ్ళ, చుట్టూ పన్నెండు పుల్లలు, పుల్ల పుల్లకూ కొసన ఒక గుండు. అంకెలు లేవు. ఇంటర్ చదివే పిల్లవాడు దాని ముందు నిలబడి, "అంకెల్లేకుంటే టైమెట్ల తెలుస్తది?" అన్నాడు. బడి మొహం చూడని అవ్వ మంచంలోంచే చెప్పింది: "చిన్నముల్లు యాడుంది, పెద్దముల్లు యాడుంది, గంతే గదరా. పదిన్నర కాలే ఇంకా."

ఆ తరహా గడియారం పుట్టింది అమెరికాలో, 1940ల చివర. హోవార్డ్ మిల్లర్ కంపెనీ కోసం జార్జ్ నెల్సన్ ఆఫీసు దాన్ని తయారుచేసింది. గీసింది అక్కడ పనిచేసిన ఇర్వింగ్ హార్పర్ అని చాలామంది చెబుతారు, పేరు మాత్రం నెల్సన్‌దే నిలిచింది. పని ఒకరిది, పేరు ఇంకొకరిది కావడం మనకు కొత్త కాదు. నెల్సన్ చెప్పిన కారణం ఇది: మనుషులు గడియారంలో అంకెలు చదవరు, ముళ్ళు ఎటు వాలి ఉన్నాయో చూస్తారు. అవ్వ చెప్పిందీ అదే. అయితే అక్కడ అది డిజైన్ అయింది, ఇక్కడ దాన్ని నిరక్షరాస్యత అన్నారు.

మనకు టైం తెలియదనే మాట హాస్టల్లో విన్నాం, ఆఫీసుల్లో విన్నాం, పనిచోట విన్నాం. నిజంగా తెలియదా? ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. పశువులు, జింకలు తినకముందే చెట్టు కిందికి చేరాలి. ఆ కాలంలో ఏ గూడెంలోనూ ఎవరినీ ఎవరూ లేపనక్కర్లేదు. మేడారం చూడండి. రెండేళ్ళకొకసారి మాఘ పున్నమికి జాతర. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ, గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క గద్దెకు వస్తారు. గుట్ట మీదికి పోయిన వడ్డె ఎప్పుడు దిగుతాడో ఏ గడియారమూ చెప్పదు. కింద పెద్ద పెద్ద అధికారులు నిలబడి ఎదురుచూస్తారు. అమ్మ దిగగానే పోలీసు అధికారి గాలిలోకి తుపాకి పేల్చి స్వాగతం చెబుతాడు. రెండేళ్ళలో ఆ ఒక్క సాయంత్రం ఆఫీసు మన కోసం ఆగుతుంది. మిగతా రోజులన్నీ ఆగేది మనమే.

గోడ మీది గడియారం కూడా మన పొద్దును అనుసరించదు. దేశమంతటికీ ఒకే సమయం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం లెక్కన పెట్టారు. వరంగల్ దానికి పడమట ఉంది. కాబట్టి ఇక్కడ నడినెత్తికి పొద్దు వచ్చేసరికి, సగటున, గడియారంలో పన్నెండు దాటి సుమారు 12 నిమిషాలవుతుంది. ఇది తప్పని మేము అనం. రైళ్ళు నడవాలంటే అందరూ ఒక మాట మీద ఉండాలి. గడియారం అంటే ఒక ఒప్పుకోలు. నువ్వు ఈ వేళకు వస్తావు, నేనూ ఈ వేళకు వస్తాను. ఇద్దరూ నిలబెట్టుకుంటేనే అది న్యాయం. మరి ఆలస్యం తప్పే అయితే, అది అందరికీ తప్పేనా?

ఉపాధి హామీ పని సంగతే తీసుకుందాం. 2023 జనవరి 1 నుంచి పనిచోట రోజుకు రెండుసార్లు ఫోనులో ఫోటో తీసి హాజరు వేయాలన్నారు. ఏ వేళకు తీశారో, ఎక్కడ తీశారో అందులో పడుతుంది. అడవిలో సిగ్నల్ లేకపోతే, మట్టి తవ్విన చేతులు అక్కడే ఉన్నా మనిషి లేనట్టే. కూలి సంగతికొస్తే, 2005 చట్టం 15 రోజుల్లోపు ఇవ్వాలంది. దాటితే 16వ రోజు నుంచి రోజుకు నూటికి ఐదు పైసల చొప్పున పరిహారం. కూలీని నిమిషాలతో కొలుస్తారు, ఇచ్చేవాళ్ళకు పక్షాల లెక్క. "కూలి పడే గడియారం యాడుందిరా?" అని అవ్వ అడిగింది. పిల్లవాడు ఫోను చూసుకుంటూ ఉండిపోయాడు.

అలాగని గడియారం లేకపోతే బాగుండేదని అనుకోవడం తేలిక. మేమూ కొన్నాళ్ళు అలాగే అనుకున్నాం, కాని అది సరైన ఆలోచన కాదు. 1934లో వరంగల్‌లో ఆజంజాహి మిల్లు వచ్చింది. మిల్లు సైరన్ కార్మికుణ్ణి లోపలికి పిలిచేది, అదే సైరన్ బయటికీ పంపేది. ఇంతసేపే నా ఒళ్ళు నీది, ఆ తరువాత నాది అని యజమాని ముందు చెప్పడానికి కూలీకి గంట అనేది ఒకటి కావాలి. తునికాకు దగ్గర అది లేదు. 50 ఆకుల కట్టకు ఇంత అని లెక్క. ఎండలో చీకటితో మొదలుపెట్టి, కోసి, మోసి, ఇంటిల్లిపాదీ కూర్చుని కట్టలు కడితే, ఆ రోజు ఎన్ని గంటలు పనిచేశామో ఎవరూ రాయరు. పిల్లల చేతులు కూడా ఆ కట్టల్లో ఉంటాయి. అక్కడ గడియారం లేకపోవడాన్ని స్వేచ్ఛ అనలేం.

ఇల్లు మాత్రం వేరు. ఇంటి గోడ మీద దాన్ని అందానికే పెట్టుకుంటే ఏం తప్పు? ఆగిపోయిన గడియారం ఇంట్లో ఉంటే అరిష్టమని కొందరంటారు. ఆగినా, నడిచినా, అది మన గోడ మీద ఉన్నంతసేపు మన మాట వినాల్సిన వస్తువే. వెలిసిన చీర కుచ్చిళ్ళతో తోరణం కట్టుకున్నట్టే, ముగ్గు వేసుకున్నట్టే, ఇష్టమై పెట్టుకున్నది. బీదవాళ్ళ ఇంట్లో ప్రతి వస్తువూ దేనికో ఒక పనికి రావాలనే లెక్క కూడా ఎవరో మన మీద పెట్టినదే.

ఆ ఇంటికి మళ్ళీ పోయినప్పుడు మా ఫోనుతో సరిచూశాం. గడియారం ఏడు నిమిషాలు ముందుంది. పిల్లవాడి కాలేజీ బస్సు కోసం అలా జరిపారట. అవ్వకు ఆ సంగతి తెలుసు. అయినా తలుపు తీసి వాకిట్లో నీడ చూసి, బియ్యం కడగడానికి లేచింది.