నూనె నిండుగానే ఉంది, మరి లైటు ఎందుకు వెలిగింది?

ఈ వారం వీడియోలో కఠోపనిషత్తులోని రథం గురించి చెప్పుకున్నాం కదా. శరీరం రథం, బుద్ధి సారథి, మనసు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు, లోపల కూర్చున్న ఆత్మే రథానికి యజమాని. యముడు నచికేతుడికి చెప్పిన మాట ఇది. టైమ్ సరిపోక వీడియోలో వదిలేసిన ఒక ప్రశ్న ఇక్కడ చూద్దాం. నడుస్తున్న రథం ఉన్నట్టుండి హెచ్చరిక ఇస్తే సారథి ఏం చేయాలి?

పోయిన శ్రావణంలో ఒక శనివారం గండి వీరాంజనేయస్వామి దర్శనానికి ప్రొద్దుటూరు నుంచి నేను, నాయన, తమ్ముడు బయల్దేరాం. జమ్మలమడుగులో మేనత్తను ఎక్కించుకుని, ముద్దనూరు మీదుగా పులివెందుల దారి పట్టాం. బండి నాయన పాత డీజిల్ జీపు, వయసు ఇరవై దాటింది. ముద్దనూరు దాటిన కాసేపటికి డాష్‌బోర్డులో నూనె డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగింది.

నాయన బండి పక్కకు తీసి వెంటనే ఇంజన్ ఆపేశాడు. కాసేపాగి తమ్ముడు డిప్‌స్టిక్ తీసి, తుడిచి, మళ్లీ ముంచి చూశాడు. నూనె పై గీత దాకా ఉంది. "నూనె బాగానే ఉండాది నాయనా, సెన్సార్ పోయింటాది. పులివెందుల దాకా పోదాం పా" అన్నాడు. నాయన ఒప్పుకోలేదు. "లైటు అబద్ధం చెప్తాందో నిజం చెప్తాందో తెలిసేదాకా తాళం తిప్పేది లేదు" అన్నాడు.

ఆ మాట ఎందుకు సరైనదో చూడండి. ఇంజన్‌లో క్రాంక్ షాఫ్ట్ బేరింగుల మీద నేరుగా రుద్దుకోదు. వెంట్రుక కన్నా పలచని నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది. అక్కడికి నూనెను తోసేది పంపు ఇచ్చే ప్రెషర్. పాత బళ్లలో ఈ లైటు వెనక ఉండేది చిన్న స్విచ్ మాత్రమే. ప్రెషర్ సుమారు 0.3 నుంచి 0.5 బార్ కన్నా కిందికి పడితేనే అది వెలుగుతుంది. అంటే "ఊరికి పోయాక చూపించుకో" అని కాదు, "ఇప్పుడే ఆపు" అని అర్థం. ఆపకపోతే నిమిషాల్లో బేరింగులు పోవచ్చు.

పులివెందుల నుంచి మెకానిక్ బైకు మీద వచ్చాడు. నూనె మట్టం చూశాడు, కింద ఎక్కడైనా కారిందేమో చూశాడు, స్విచ్ వైరు ఒరుసుకుపోయి బాడీకి తగులుతోందేమో చూశాడు. తర్వాత స్విచ్ విప్పి, ఆ చోట గేజి బిగించి, కొన్ని సెకన్లు మాత్రం స్టార్ట్ చేయించాడు. గేజి మంచి అంకె చూపించి ఉంటే స్విచ్ మారిస్తే సరిపోయేది, పాత బళ్లలో అదీ మామూలే. కానీ ముల్లు లేవలేదు. "లైటు నిజమే చెప్పింది సామీ" అన్నాడు. జీపును పులివెందులకు లాక్కుపోయి సంపు విప్పితే, పంపు నూనె పీల్చుకునే జాలీకి నల్లటి మడ్డి అట్టకట్టి ఉంది. "నూనె ఉండాది, పోవాల్సిన చోటికి పోలేదు. అంతే" అన్నాడాయన.

ఇదే ఈ వారం మన పాఠం. సంస్కృతంలో స్నేహం అనే మాటకు ప్రేమ అనీ అర్థం, నూనె అనీ అర్థం. అందుకే ఆయుర్వేదంలో నూనె, నెయ్యి పట్టించే చికిత్సను స్నేహనం అంటారు. స్నేహం ఉండటం వేరు, చేరటం వేరు.

మనలో చాలామందిమి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటాం. అమ్మానాన్నల మీద ప్రేమ లేదా? నిండుగా ఉంది. ఒకటో తారీఖున డబ్బు పంపుతాం, పండక్కి బట్టలు పంపుతాం. డిప్‌స్టిక్ చూస్తే పై గీత దాకా ఉంటుంది. అయినా ఒకరోజు ఫోన్‌లో అమ్మ గొంతు తగ్గుతుంది. "ఏం లేదులే, బాగానే ఉండాం" అని పెట్టేస్తుంది. అదే ఎర్ర లైటు. "అమ్మ ఎప్పుడూ అంతే" అనుకుంటే సెన్సార్ మీదికి నెట్టేసినట్టే. పని ఒత్తిడి, పాత పంతం, మాట్లాడుతూనే స్క్రీన్ మీద ఉండే చూపు, ఇవన్నీ కొంచెం కొంచెంగా పేరుకున్న మడ్డి. పైన ఇంకో లీటరు పోస్తే, అంటే ఇంకో పదివేలు పంపితే, జాలీ శుభ్రం కాదు.

ఇంకో సంగతి. తాళం తిప్పగానే ఆ లైటు ఒకసారి వెలిగి, ఇంజన్ అందుకోగానే ఆరిపోవాలి. అసలు వెలగకపోతే బల్బో వైరో పోయిందన్నమాట. మనం ఎవరినైనా నొప్పించినా లోపల ఏమీ అనిపించడం లేదంటే అది మనశ్శాంతి కాదు, బల్బు మాడిపోవడం.

ఆ రోజు మధ్యాహ్నం బస్సులో గండి చేరాం. పాపఘ్ని కొండల్ని చీల్చుకుని పారే చోటు అది. లంక గెలిచి తిరిగి వస్తూ రాములవారే బాణపు మొనతో ఆంజనేయుడి రూపాన్ని రాతి మీద గీశారని అక్కడి స్థలపురాణం. ఎందుకంత ప్రేమ ఆయనకు? సీతమ్మ మీద రాముడి గుండెలో స్నేహానికి ఏనాడూ కొదవ లేదు. కానీ అది సముద్రం దాటి అశోకవనానికి చేరాలి. ఉంగరం పట్టుకుని వెళ్లి చేర్చినవాడు హనుమంతుడు. ప్రాణం విడిచేద్దామనుకున్న తల్లి ఆ ఉంగరం చూసి నిలబడింది. చేర్చడమే హనుమంతుడి సేవ.

అందుకని సారథికి మూడు మాటలు. హెచ్చరిక కనిపిస్తే ముందు ఆగు. అది నిజమా కాదా అని నీ ఊహతో కాకుండా కొలిచి తెలుసుకో, అంటే ఎదుటి మనిషినే అడుగు. తర్వాత అడ్డుపడ్డది తీసెయ్. ఈ శనివారం గుళ్లో ప్రదక్షిణలు అయ్యాక, ఫోన్‌లో గొంతు తగ్గిన మనిషి ఎవరో గుర్తు చేసుకోండి. వీలైతే బస్సెక్కి వెళ్లండి. వీలుకాకపోతే ఫోన్ చేసి, వాళ్లు పెట్టేసేదాకా వినండి.

ఆ గండి అంజన్న మీ ఇంటిల్లిపాదినీ చల్లగా చూడాలి. జై శ్రీరామ్. జై హనుమాన్.