రొమ్ము మీద గడ్డపార

సోమాజిగూడలో రాజ్‌భవన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక గల్లీలో, మూడో అంతస్తు ఫ్లాటులో ఒక ఆదివారపు జట్టు కూడేది. రిటైరైన లెక్చరర్ ఒకాయన జట్టుకు పెద్ద. బ్యాంకులో పనిచేసే మేడమ్, ఇద్దరు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు, ఉస్మానియాలో పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి మిగతావాళ్లు. ఎవరికీ జీతం లేదు, పెట్రోలు ఖర్చు తలా ఇంత. తెల్లవారుజామునే కారెక్కి భువనగిరి, జనగామ వైపు ఊళ్లకు పోయేవాళ్లు. వేపచెట్ల కింది వీరగల్లులు, చేన్లల్లో మిగిలిన రాక్షస గూళ్లనే పాతకాలపు రాతి సమాధులు, చెరువు తూముల దగ్గరి శాసనాలు చూసి, కొలిచి, ఫోటో తీసి, రాసుకొని వచ్చేవాళ్లు.

ఒకసారి వాళ్లకొక మంచి శాసనం దొరికింది. సోమాజిగూడ ప్రెస్ క్లబ్‌లో విలేకరుల సమావేశం పెడదామనుకున్నారు. వెనక కట్టే ఫ్లెక్సీ మీద పేరొక్కటే ఉంటే బోసిగా ఉంటుందని, లోగో కావాలని బ్యాంకు మేడమ్ పట్టుబట్టింది. అమీర్‌పేటలో డిజైన్ కోర్సు చేసి, మైత్రీవనం దగ్గర ఓ ప్రింటింగ్ షాపులో పనిచేస్తున్న కుర్రాడొకడు పైసా తీసుకోకుండా చేసిస్తానన్నాడు.

ఉచితమనేసరికి కోరికలు పెరిగాయి. మేడమ్‌కు కాకతీయ తోరణం కావాలి. ఒక కుర్రాడికి చార్మినార్, ఇంకొకడికి ఫణిగిరి స్తూపం. పీహెచ్‌డీ అమ్మాయి ఎరుపు, నలుపు కలిసిన కుండ పెట్టమంది. రాక్షస గూళ్లలో దొరికేవి అవే మరి. తోరణం ముందా, చార్మినార్ ముందా అని గొంతులు పెరిగితే లెక్చరర్ సారు నవ్వాడు. "2024లో రాష్ట్ర చిహ్నంలో తోరణం, చార్మినార్ ఉండాలా వద్దా అని అయిన పంచాయితీ చాలలేదా, మనం కూడా పెట్టుకోవాలా?" అన్నాడు.

కుర్రాడు పాపం అన్నీ ఒక గుండ్రంలో కుదించి తెచ్చాడు. ఫోనులో చూస్తే అది కలగూరగంప. అప్పుడు సారే తీర్పు చెప్పాడు: పురావస్తువంటే తవ్వకం, అది చూపిస్తే చాలు. విదేశాల్లో ఇలాంటి సంఘాలు తాపీ బొమ్మ పెట్టుకుంటాయని ఒకరు గుర్తుచేశారు. ఇక్కడ తాపీ పెడితే మేస్త్రీల సంఘమనుకుంటారని అందరూ నవ్వి, గడ్డపారకు ఓటేశారు. నిలబెట్టిన గడ్డపార, దాని పాదం దగ్గర కుండ, కుండలోంచి పసుపురంగు వెలుగు. నిజానికి బొమ్మ అందంగానే కుదిరింది. టీషర్టుల మీద అచ్చేశారు, కారు అద్దానికి స్టిక్కరంటించారు.

తర్వాతి ఆదివారం కొత్త టీషర్టులు వేసుకొని ఒక ఊరికి పోయారు. ఆ ఊళ్లో అంతకుముందు అమావాస్య నాడు గుప్తనిధుల కోసం ఎవరో పోచమ్మ గుడి వెనక నడుము లోతు గుంత తవ్వి, విగ్రహాన్ని పక్కకు పడేసి పోయారు. ఆ సంగతి వీళ్లకు తెలియదు. కారు దిగి వీరగల్లు దగ్గరికి నడిచేలోపే చుట్టూ జనం. ఒకడు కారు తాళాలు గుంజుకున్నాడు. ఒకడు సర్పంచికి ఫోను కొట్టాడు.

"మేము శాసనాలు చదివేవాళ్లం, చదువుకున్నవాళ్లం" అని సారు మొత్తుకున్నాడు.

గొర్లు కాసే ఒక తాత ముందుకొచ్చి సారు రొమ్ము మీద వేలు పెట్టాడు. "సదువుకున్నోళ్లమంటుండ్రు. మరి గీ గడ్డపార ఏంది సారూ? మా పోచమ్మ గుడి తవ్వినోళ్లు గూడ గిదే తెచ్చిండ్రు. లంకె బిందె బొమ్మ గూడ ఏసుకున్నరు."

"అది ఉత్త గుర్తే తాతా!"

"గుర్తు జూసే గద సారూ, మేం ఓటు గుద్దేది."

సారుకు మాట పెగల్లేదు. సర్పంచి వచ్చి, పాత పేపరు కటింగులు చూసి, "సరే, ఏం చేస్తరో మా ముందట్నే చెయ్యిండ్రి" అన్నాడు. పీహెచ్‌డీ అమ్మాయి సంచిలోంచి తెలుపు, నలుపు గళ్ల స్కేలు తీసి వీరగల్లు పక్కన నిలబెట్టింది. ఫోటో తీసింది. పొడవు, వెడల్పు రాసుకుంది. రాయి మీద కత్తి పట్టిన వీరుణ్ణి పిల్లలకు చూపించి, ఊరి ఆవుల కోసమో ఊరి కోసమో పోరాడి చచ్చిపోయినవాడికి ఇట్లా రాయి నిలబెట్టేవాళ్లని చెప్పింది. తర్వాత స్కేలు మడిచి సంచిలో పెట్టుకుంది.

"గంతేనా బిడ్డా? ఏం తీస్కపోరా?" అన్నాడు తాత.

"ఏం తీస్కపోం తాతా. రాయి మీదే."

డిజైన్ కుర్రాడు ఆ రోజు వాళ్లతోనే ఉన్నాడు. రాత్రికి కొత్త బొమ్మ పంపాడు. ఒక నిలువురాయి, దాని పక్కన గళ్ల స్కేలు. ఒకే రంగు. ఉత్తరాల మీద రబ్బరు ముద్రగా వేసినా చెదరదు. తోరణం లేదని మేడమ్ కాసేపు అలిగింది. పాత టీషర్టులు కారు తుడవడానికి పనికొచ్చాయి. ఆ తర్వాత కూడా ఊళ్లల్లో వాళ్లను ఆపేవాళ్లు ఆపుతూనే ఉన్నారు. కాకపోతే ఇప్పుడు "ఆ పట్టె ఏంది?" అని మాట మొదలవుతోంది.

నీతి: చేయని పనిని గుర్తులో పెట్టుకోకూడదు. దాన్ని చదివేది మనం కాదు, మనం గడప తొక్కబోయే ఊరు.

ఈ మాట పురావస్తు ఔత్సాహికులకు మరీ వర్తిస్తుంది. మన దగ్గర చట్టప్రకారం తవ్వాలంటే కేంద్ర పురావస్తు శాఖ అనుమతి ఉండాలి. స్వచ్ఛంద బృందానికి గడ్డపారతో పనే లేదు. కొత్త తెలంగాణ చరిత్ర బృందం లాంటివాళ్లు గుట్టలెక్కి రాతి చిత్రాలనూ శాసనాలనూ వెలుగులోకి తెచ్చింది కళ్లతో, కాళ్లతో. హైదరాబాదుకు ఈ అలవాటు పాతదే. నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖను నెలకొల్పిన 1914లోనే ఇక్కడ హైదరాబాద్ ఆర్కియలాజికల్ సొసైటీ కూడా పుట్టింది.

మంచి గుర్తులు ఎక్కడివో చూడండి. 1905లో సారనాథ్ తవ్వకాల్లో బయటపడ్డ సింహాలు 1950 జనవరి 26న దేశానికి చిహ్నమయ్యాయి. 1984లో పుట్టిన ఇంటాక్ అనే వారసత్వ పరిరక్షణ సంస్థ, గంగా మైదానంలో దొరికిన మనిషి ఆకారపు రాగి బొమ్మను తన లోగో చేసుకుంది. దొరికిన వస్తువును ముందు పెట్టారు, తవ్విన పనిముట్టును కాదు. నా మటుకు నాకు ఆ స్కేలు బొమ్మ వీటి పక్కన నిలబెట్టదగ్గదే.

మీ ఊళ్లో వీరగల్లో, రాక్షస గూడో, అక్షరాల రాయో కనబడితే కదపకండి. దాని మీద ఆయిల్ పెయింటు వేయనివ్వకండి, అక్షరాల్లో సుద్ద పూయకండి. పొద్దున గానీ సాయంత్రం గానీ ఎండ ఏటవాలుగా పడేటప్పుడు, పక్కన స్కేలు, అది లేకపోతే పెన్ను పెట్టి ఫోటో తీయండి. ఊరి పేరు, రాయి ఉన్న చోటు రాసి రాష్ట్ర పురావస్తు శాఖకు పంపండి.