మధ్యస్థుని ధర్మము

అన్నదమ్ముల నడుమ పొలముగట్టు తగవు, ఇరుగుపొరుగుల నడుమ నీటివంతు తగవు, అత్తాకోడండ్ర నడుమ మాటపట్టింపు — ఇట్టివి లేని ఊరు లేదు. తగవు ముదిరినప్పుడు మంచివారనిపించుకొన్న పెక్కుమంది "మనకెందుకు? మనము ఎవరి పక్షమును కాము" అని తలుపు మూసికొందురు. తమ మౌనమును వారు సమత్వమని తలంతురు. నిత్యము గీతాపారాయణము చేయువారు సైతము ఈ భ్రమకు లోనగుట కలదు. ఈ మౌనము నిజముగా సమత్వమేనా? విచారింతము.

గీతయందు ఆఱవ అధ్యాయము తొమ్మిదవ శ్లోకమున భగవానుడు యోగి యెవరెవరియెడ సమబుద్ధి కలిగియుండవలెనో చెప్పుచు ఉదాసీనుని, మధ్యస్థుని వేర్వేరుగ పేర్కొనెను. ఇరువురును ఒక్కటే అయినచో రెండు పదములతో పని యేమి? శంకర భగవత్పాదులు తమ భాష్యమున ఈ భేదమును స్పష్టము చేసియున్నారు. ఎవరి పక్షమును చేరనివాడు ఉదాసీనుడు. పరస్పరము విరోధించు ఇరువురకును హితము కోరువాడు మధ్యస్థుడు. తలుపు మూసికొన్నవాడు ఉదాసీనుడు కావచ్చును గాని మధ్యస్థుడు కాజాలడు. నడుమ నిలుచుట యనగా దూరముగ నిలుచుట కాదు. ఇరువురకును దగ్గరగ నిలుచుట.

ఈ ధర్మమునకు ఉద్యోగపర్వమును మించిన వ్యాఖ్యానము లేదు. తిరుపతి వేంకటకవుల నాటకముల మూలమున రాయబారఘట్టము తెలుగు పల్లెలకును సుపరిచితమే. అయినను శ్రీకృష్ణునికి ముందు సంజయుడు నడపిన రాయబారమును మనమంతగా తలపోయము. ధృతరాష్ట్రుని పంపున సంజయుడు ఉపప్లావ్యమునకు వచ్చి ధర్మరాజునకు శాంతి నుపదేశించెను. యుద్ధము పాపమనెను, యుద్ధముచే వచ్చు రాజ్యముకంటె భిక్షాన్నమే మేలనెను. ఆ మాటలు వినుటకు ఇంపైనవే. కాని పాండవుల భాగము తిరిగి యిత్తుమను మాట అందు లేదు. కోల్పోయినవానికి ఓర్పును బోధించి, అపహరించినవానిని ఏమియు అడుగని సంధి యెట్టి సంధి? మన యిండ్లయందును తఱచుగ జరుగునది యిదియే. మెత్తనివానిని "నీవే సర్దుకొమ్ము" అందుము. మొండివానికి చెప్ప వెఱతుము. అది కలహమును ఆర్పుట కాదు, నివురు కప్పుట. సంజయుడు సాధువే, హస్తినకు మరలి ధృతరాష్ట్రుని నిర్భయముగ నిందించినవాడే. అయినను పంపినవాని మనస్సున న్యాయము లేనందున ఆ దౌత్యము వట్టిదయ్యెను.

పిదప శ్రీకృష్ణుడు బయలుదేరెను. ఇచ్చట ఒక శంక కలుగును. ఆయన అప్పటికే అర్జునునకు సారథ్యము చేయ నంగీకరించియున్నాడు, అట్టివాడు మధ్యస్థుడెట్లగును? భాష్యకారుల నిర్వచనమే దీనికి సమాధానము. మధ్యస్థుడు ధర్మమునకును అధర్మమునకును సమానదూరమున నిలువబడువాడు కాడు. ఉభయుల హితమును కోరువాడు. దుర్యోధనునకు హితమేది? అతడు కోరిన రాజ్యము కాదు, అతనికి రానున్న నాశనమునుండి తప్పించుటయే. శ్రీకృష్ణుడు నిండుసభలో ధృతరాష్ట్రునితో, నీ కుమారులను నీవు నిలుపుము, పాండవులను నేను నిలుపుదును, శాంతి మన యిరువురి చేతిలో నున్నదని చెప్పెను. ఎదుటివారిని మాత్రమే తగ్గుమనలేదు. తనవారి విషయమున తాను పూచీపడెను. అర్ధరాజ్యమునకు హక్కుగలవారు ఐదూళ్ళతో తృప్తిపడుటకు సిద్ధమైరి. దుర్యోధనుడు సూదిమొన మోపునంత నేలయు ఈయననెను.

దుర్యోధనుడు భోజనమునకు పిలిచినప్పుడు శ్రీకృష్ణుడు అంగీకరింపలేదు. వచ్చిన కార్యము నెరవేరిన పిదపనే దూతలు సత్కారములు గ్రహింతురని చెప్పి, విదురుని యింట భుజించెను. మధ్యస్థుడు ముందుగా నేర్వవలసిన నియమమిది. తగవు తీర్చువానికి ఆ తగవునుండి ఏ లాభమును ఉండరాదు. ధనమే కాదు, పెద్దమనిషి యను పేరు సైతము లాభమే. పేరుకొఱకు వచ్చినవాడు తనకు కీర్తి తెచ్చు సంధిని కోరునే గాని వారికి మేలు చేయు సంధిని కోరడు.

ఈ ప్రయత్నము ఫలింపదని విదురుడు ముందే హెచ్చరించెను. శ్రీకృష్ణుని ప్రత్యుత్తర సారాంశమిది: జ్ఞాతులు కలహించునప్పుడు సర్వప్రయత్నముల నడుమకు వచ్చి నిలువనివాడు మిత్రుడే కాడు, శక్తికొలది యత్నించినవానికి కార్యము చెడినను పుణ్యము దక్కును. కర్మయోగమనగా నిదియే. సంధి పొసగలేదు, పదునెనిమిది అక్షౌహిణులు కురుక్షేత్రమున పోరినవి. అయినను ఆ రాయబారము వ్యర్థమని యెవరందురు?

ఇది ద్వాపరయుగపు మాట, మనవంటివారికి సాధ్యమా యని సందేహింప పనిలేదు. గాంధీజీ 1893లో, ఇంకను ఇరువదినాలుగేండ్లు నిండని వయస్సున, దాదా అబ్దుల్లా వ్యాజ్యముకొఱకు దక్షిణాఫ్రికాకు పోయెను. ప్రతివాది తయ్యబ్ సేఠు అబ్దుల్లాకు బంధువు, ఒకే ఊరివాడు. వ్యాజ్యము సాగినకొలది ఖర్చులు ఇరువురను నాశనము చేయునని గ్రహించి, గాంధీజీ వారిని మధ్యవర్తి తీర్పునకు ఒప్పించెను. అబ్దుల్లా గెలిచెను. తన కక్షిదారు గెలిచినందున అంతటితో తన పని తీరినదని ఆయన తలంపలేదు. సుమారు 37,000 పౌండ్లును ఖర్చులును ఒక్కసారి చెల్లించుట తయ్యబ్ సేఠునకు అసాధ్యము. దివాలాకంటె మరణమే మేలని తలంచు వర్తకకులము వారిది. గెలిచినవానిని బతిమాలి, దీర్ఘకాలపు వాయిదాలపై చెల్లించునట్లు గాంధీజీ ఒప్పించెను. ఓడినవాడు తల యెత్తుకొని బ్రతుకగల్గిననాడే తగవు తీరినట్లు. వకీలు నిజధర్మము విడిపోయినవారిని కలుపుటయేయని ఆయన ఆత్మకథలో వ్రాసికొనినారు.

మన దేశమున 2023లో మధ్యవర్తిత్వ చట్టము వచ్చినది. మధ్యవర్తి తన నిర్ణయమును ఉభయులపై రుద్దరాదు, విన్న మాటలను గుప్తముగ నుంచవలెను అను నియమములు అందు కలవు. ఇవి మనకు క్రొత్తవి కావు. ఒకరి మాట నింకొకరికి చేరవేయు నాలుక నిప్పునకు నేయి వంటిది. కాని చట్టము పద్ధతిని ఈయగలదే గాని హృదయమును ఈయజాలదు. దానిని సాధనచే సంపాదింపవలెను.

కావున, సాధకుడా, నీ యెఱుకలో ఇద్దరు అన్నదమ్ములు మాటలాడుకొనక యున్నచో, రేపటి జపమునకు ముందు వారిని తలంచుము. ఇరువురిలో నొకనిపై నీ మనస్సున ద్వేషమున్నదేమో పరీక్షించుకొనుము. ఉన్నచో ముందు దానిని కడుగుకొనుము. పిదప పొమ్ము. ఒక్కొక్కని మాట పూర్తిగ వినుము. బలవంతునకు న్యాయము చెప్పుము. గెలిచినవానికి దయ నేర్పుము. వారింట లాభమేదియు ఆశింపకుము. వారు కలిసినచో మెల్లగ తొలగిపొమ్ము, నీవు కలిపితివను మాట మఱచిపోనిమ్ము. కలియనిచో ఫలమును భగవంతునకు విడిచి మరల పొమ్ము. సర్వభూతములందున్న ఈశ్వరుడొక్కడే యని రోజును పలుకు మనము, ఆ యీశ్వరుడు రెండిండ్లలో నిలిచి ఒకరినొకరు చూడక యుండగా, తలుపు మూసికొని చేయు ధ్యానము ఎవరిని చేరును?