స్థిరాస్తి, చరాస్తి
చదువవలసిన భాగములు: నిర్గమ. 25:10–15, 1 రాజులు 21, హెబ్రీ. 11:8–10

మైదుకూరు నాలుగు రోడ్ల కూడలిలో నిలిచి చూచినయెడల లోకములో కదలనిది ఏదియు లేదనిపించును. కడపకు, నంద్యాలకు, ప్రొద్దుటూరుకు, బద్వేలుకు పోవు బస్సులు, లారీలు ఎడతెగక సాగుచుండును. కోతలు ముగిసిన పిమ్మట గొఱ్ఱెల మందలును ఆ దారులనే పట్టును. కాపరి కోసిన మడిలో మందను నిలిపి, ఎరువుకు బదులుగా రైతు ఇచ్చిన గింజలో డబ్బో పుచ్చుకొని, కొన్ని రాత్రులు గడిపి మరియొక పొలమునకు పోవును. కంబళి, వంటసట్టి, దుడ్డుకఱ్ఱ – అంతే అతని ఇల్లు.

మనమైతే ఆస్తిని రెండుగా విభజించి వ్రాయించుకొందుము. భూమియు దానిమీది ఇల్లును స్థిరాస్తి. గొడ్డు గోద, నగ నట్ర, పాత్ర సామాను చరాస్తి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టములో నిలిచియున్న పైరు సహితము స్థిరాస్తి కాదు. తలుపు గోడకున్నంతవరకు ఇంటిలో భాగము. ఊడదీసి బండి కెక్కించిన నాడు సామాను. కాబట్టి స్థిరత్వము వస్తువులో లేదు. అది దేనిని అంటియున్నదో దానిలో ఉన్నది.

1981లో శ్రీశైలము జలాశయము నిండుచుండగా కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో సుమారు నూరు గ్రామములవారు ఇండ్లు విడువవలసి వచ్చెను. దస్తావేజులలో స్థిరమని వ్రాసినదే నీట మునిగెను. కూడవెల్లి సంగమేశ్వరాలయమును మాత్రము రాయి రాయి విప్పి అలంపురమునకు తరలించి మరల నిలిపిరి. శతాబ్దముల రాతికట్టడము కదలినది! అయితే ఇరుగుపొరుగును, బావిగట్టు మాటలను, ఆపదలో చేబదులిచ్చు చేతిని, తలిదండ్రుల సమాధులను ఏ అంకెలు వేసి విప్పగలము? ఎక్కడ మరల పేర్చగలము?

ఇట్టివారితో, “మనము ఈ లోకములో యాత్రికులము గదా, విచారపడకుడి” అని చెప్పుట సులభము. చెప్పువాని ఇల్లు భద్రముగా నున్నప్పుడు మరింత సులభము. అబ్రాహాము దేవుడు పిలువగా గుడారము నెత్తుకొనెను. వాగ్దానము అతని ముందు నడిచెను. పరుల ఆజ్ఞచేత వెళ్లగొట్టబడినవాని సంగతి వేరు. నాబోతు తన పిత్రార్జితమును ఇయ్యనన్నప్పుడు, భూమి అశాశ్వతమని దేవుడు అతనికి బోధింపలేదు. అహాబు నొద్దకు ఏలీయాను పంపి లెక్క అడిగించెను. యాత్ర యనునది మన ఆస్తినిగూర్చి మనము చేసికొనవలసిన తీర్మానము. పొరుగువాని నష్టమునకు మనము చెప్పు సమాధానము కాదు.

మందసమును గూర్చి ఒక చిన్న కట్టడ కలదు. దాని మోతకఱ్ఱలను ఉంగరములనుండి తీయరాదు. గుడారము నిలిచియున్న దినములలోను అవి అందులోనే యుండవలెను. జనులు ఎప్పుడు బయలుదేరినను వారితోకూడ బయలుదేరుటకు దేవుడు సిద్ధముగా నున్నాడని ఆ కఱ్ఱలు సాక్ష్యమిచ్చుచుండెను. ఆయన స్థలమును కాదు, జనులను అంటియున్నాడు.

మన సంఘముల మోతకఱ్ఱలు ఎక్కడ? మన కుటుంబములు కొన్ని గుంటూరు మిరప కోతలకు, కొన్ని బెంగుళూరు కట్టుబడి పనులకు, కొన్ని కువైటుకు పోవుచున్నవి. ఇంటికి తాళము పడును, చందా నిలిచిపోవును. రెండేండ్లకు “వలస పోయిరి” అని పట్టీలో వారి పేరు కొట్టివేయుదుము. పండుగకు తిరిగివచ్చిన ఆ తల్లి గుడి వెనుక వరుసలో పరాయిదానివలె కూర్చుండును. ఆమె మనలను విడిచెనా, మనము ఆమెను విడిచితిమా?

ఈ నెలలో పెద్దలు కూడినప్పుడు పట్టీ తెరచి, కొట్టివేసిన పేర్లను మొదట చదువుదము. వారు ఎక్కడున్నారో విచారించి, ఫోనులోనైనను పలుకరించి, వారితో ప్రార్థింతము. వారు విడిచిపోయిన ముసలివారి గడప త్రొక్కుదము. ఊరి వెలుపల మంద కాయుచున్న వానికి ఒక పూట అన్నమైనను పంపుదము. గుడి గోడలు స్థిరాస్తియే, సరి. సంఘము మాత్రము తన జనులతోకూడ నడచునదై యుండునుగాక. ఆమేన్.